డిస్పెన్సరీ కౌంటర్ వెనకాల ఎవరున్నారు?

డిస్పెన్సరీ అంటే మా వరంగల్లో ఒకటే అర్థం. ఈఎస్ఐ డిస్పెన్సరీ. మా తాత ఆజంజాహి మిల్లులో పనిచేసిన రోజుల్లో ఒంట్లో బాగోకపోతే అక్కడికే పోయేవాడట. కాంపౌండరు సీసాలో ఎర్ర మందు పోసి, సీసా పక్కన గాట్లు కత్తిరించిన కాగితం అతికించి, "పూటకొక గాటు, అంతకు మించొద్దు" అని చెప్పి పంపేవాడట. ఇప్పుడు అదే మాట డెన్వర్ నుంచీ సియాటిల్ నుంచీ ఇంకో అర్థంతో మన ఇళ్ళలోకి వస్తోంది. అక్కడ డిస్పెన్సరీ అంటే గంజాయి కొట్టు.

అందులో మళ్ళీ రెండు రకాలు. ఒకటి మెడికల్, ఇంకోటి రిక్రియేషనల్. అంటే ఒకటి రోగానికి, రెండోది సరదాకి. మన ఐటీ జనాల మధ్య, అదీ లంచ్ టేబుల్ దగ్గర, ఈ విషయం వస్తే రెండు పార్టీలు తయారవుతాయి. "అమెరికాలో మందుగా వాడుతున్నారు బాసూ, మనవాళ్ళే వెనకబడి ఉన్నారు" అనేది ఒక పార్టీ. "గంజాయి గంజాయే, పట్టుకుని లోపలేయాలి" అనేది ఇంకోటి. తమాషా ఏంటంటే ఇద్దరికీ ఈ రెండు కొట్ల మధ్య తేడా అక్కర్లేదు. మొదటివాడు రోగిని అడ్డం పెట్టుకుని సరదా గురించి మాట్లాడతాడు. రెండోవాడు సరదా మీద కోపంతో రోగిని కూడా తోసేస్తాడు.

నా మటుకు నాకు తేడా మొక్కలో కనపడదు, బోర్డు మీద ఆకుపచ్చ ప్లస్ గుర్తులోనూ కనపడదు. కౌంటర్ వెనకాల ఉన్న మనిషి కొనేవాణ్ణి ఏం అడుగుతాడు, రేపు తేడా కొడితే ఎవరు జవాబు చెప్తారు? నేను చూసేది ఈ రెండే. ఆ లెక్కన చూస్తే అమెరికాలో చాలా మెడికల్ డిస్పెన్సరీలు పేరుకే మెడికల్. మన దగ్గర సంగతి ఇంకా విచిత్రం. అక్కడికి తర్వాత వస్తాను.

ముందు కాగితం మీది తేడాలు. మెడికల్ గంజాయికి తలుపు తీసింది కాలిఫోర్నియా, 1996లో. సరదాకి కొట్టు పెట్టి అమ్మడం మొదలైంది కొలరాడోలో, 2014 జనవరి 1న. కొలరాడోలో సరదా కొట్టులోకి వెళ్ళాలంటే 21 ఏళ్ళు నిండి, ప్రభుత్వం ఇచ్చిన ఫోటో ఐడీ ఉంటే చాలు. మెడికల్‌కి 18 ఏళ్ళు చాలు గానీ డాక్టరు సిఫార్సు, రాష్ట్రం ఇచ్చే కార్డు కావాలి. సరదాకి కొంటే రాష్ట్రం 15 శాతం ప్రత్యేక సేల్స్ టాక్స్ వేస్తుంది, అది కాక హోల్‌సేల్ దగ్గరే ఇంకో 15 శాతం ఎక్సైజు ఉంటుంది. కార్డు ఉన్నవాడికి రాష్ట్రం వేసేది మామూలు 2.9 శాతం మాత్రమే (ఊరి పన్నులు వేరే). సరదా కొట్లో తినే సరుకైతే ముక్కకి 10 మిల్లీగ్రాములు, ప్యాకెట్టుకి 100 మిల్లీగ్రాములు మించి టీహెచ్‌సీ ఉండకూడదు. మెడికల్ వైపు అంతకంటే ఘాటైనవి దొరుకుతాయి.

గమనించారా? వయసు, కార్డు, పన్ను, ఘాటు. అన్నీ అమ్మకానికి సంబంధించినవే. మన భాషలో చెప్పాలంటే కోడ్ మొత్తం ఒకటే, కాన్ఫిగ్ ఫైల్లో నాలుగు లైన్లు మార్చారు. చాలాచోట్ల ఒకే కప్పు కింద రెండు కౌంటర్లు పెట్టి అమ్ముతారు, వాషింగ్టన్ రాష్ట్రమైతే 2016 జూలైలో విడి మెడికల్ కొట్లు ఎత్తేసి సరదా కొట్లలోనే కలిపేసింది. కొలరాడోలో ప్రతి మొక్కకీ ట్యాగు ఉంటుంది, నాటినప్పట్నుంచి బిల్లు కొట్టేదాకా ట్రాక్ చేస్తారు. ఒక ఇంజనీరుగా నాకు ముచ్చటేసే సిస్టమ్ అది. కానీ మొక్క ఎక్కడుందో తెలిసిన ఆ సిస్టమ్‌కి, దాన్ని తిన్న మనిషి ఇంకేం మందులు వేసుకుంటున్నాడో తెలీదు.

ఇంకో ముక్క. అక్కడ డాక్టరు గంజాయిని "ప్రిస్క్రైబ్" చెయ్యడు, "రికమెండ్" చేస్తాడు. ఫెడరల్ చట్టం ఒప్పుకోదు కాబట్టి ఈ సర్దుబాటు. చాలాచోట్ల చీటీ మీద మోతాదు ఉండదు, ఏ రకమో ఉండదు, ఎన్ని రోజులో ఉండదు. అవన్నీ కౌంటర్ దగ్గర బడ్‌టెండర్ అనే సేల్స్ కుర్రాడు తేలుస్తాడు. మంచివాడే అయ్యుంటాడు పాపం, కానీ సేల్స్ కుర్రాడు. మా తాత సీసాకి గాట్ల కాగితం అతికించిన కాంపౌండరుకైనా వెనకాల ఒక డాక్టరు రాసిన చీటీ ఉండేది.

ఇది ఊరికే అనట్లేదు. కొలరాడోలో 400 డిస్పెన్సరీలకి ఫోన్ చేసి, "ఎనిమిది వారాల గర్భిణిని, వేవిళ్ళు ఆగట్లేదు, ఏం వాడమంటారు" అని అడిగి చూసిన పరిశోధన ఒకటి 2018లో వచ్చింది. దాదాపు 69 శాతం మంది ఏదో ఒక గంజాయి సరుకు వాడమన్నారు. గర్భంలో ఇది వాడొద్దని డాక్టర్ల సంఘాలు మొత్తుకుంటున్నా సరే. అసలు విశేషం ఇది కాదు. విడదీసి చూస్తే సరదా కొట్లలో 60 శాతం మంది అలా చెప్తే, మెడికల్ కొట్లలో 83 శాతం మంది చెప్పారు! మెడికల్ అని బోర్డు ఉంటే జాగ్రత్త పెరుగుతుందనుకుంటాం. ఇక్కడ ధైర్యం పెరిగింది.

అన్నిచోట్లా ఇలాగే ఉందని కాదు. కనెక్టికట్‌లో మెడికల్ డిస్పెన్సరీలో లైసెన్సున్న ఫార్మసిస్టు ఉండి తీరాలని మొదట్నుంచీ పెట్టుకున్నారు. మిన్నెసోటా 2014లో చట్టం చేసినప్పుడు ఫార్మసిస్టు మాట్లాడితే గానీ సరుకు చేతికివ్వొద్దంది, కాల్చే పువ్వు అసలే వద్దంది (2022లో ఆ నియమం సడలించారు). కెనడా 2018 అక్టోబర్ 17న సరదా అమ్మకాలు మొదలుపెట్టింది గానీ రెండు దారులూ విడిగానే ఉంచింది. సరదాకైతే కొట్టు, రోగికైతే డాక్టరు పత్రం మీద లైసెన్సున్న అమ్మకందారు నుంచి ఇంటికే పార్శిల్. జర్మనీలో రోగికి 2017 నుంచి మామూలు మందుల షాపులోనే దొరుకుతోంది. 2024లో సరదాకి కూడా ఒప్పుకున్నారు కానీ దానికి కొట్టు పెట్టనివ్వలేదు, ఇంట్లో మూడు మొక్కలు పెంచుకోండి, లేదా క్లబ్బులో చేరండి అన్నారు. అటు థాయిలాండ్ కథ వేరే. మెడికల్ కోసమే అని చెప్తూ 2022 జూన్‌లో గంజాయిని నిషేధ జాబితాలోంచి తీసేశారు. చూస్తుండగానే వీధివీధికీ టూరిస్టుల కొట్లు లేచాయి. 2025 జూన్‌లో మళ్ళీ చీటీ ఉంటేనే అమ్మాలని వెనక్కి తిరిగారు. రెండూ కలిపి వండితే ఇలాగే ఉంటుంది.

ఇదంతా నాకెందుకంటారా? ఖిలా వరంగల్లో మా పెద్దమ్మ ఉంది. కోట లోపలే ఇల్లు, ఖుష్ మహల్‌కి నడిచి వెళ్ళేంత దూరం. షుగరు వల్ల పాదాల్లో నరాల మంట. రాత్రి పదకొండు దాటితే ఇంటి ముందు అరుగు మీద కూచుని తడిగుడ్డతో కాళ్ళు తుడుచుకుంటూ ఉంటుంది. పదేళ్ళ కిందట గుండెలో వాల్వ్ మార్చారు, అప్పట్నుంచి రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వేసుకుంటోంది. వాళ్ళబ్బాయి, మా అన్న, డెన్వర్లో ఉంటాడు. వీడియో కాల్లో అన్నాడు, "ఈడ డిస్పెన్సరీల గమ్మీస్ దొరుకుతయి తమ్మీ, నొప్పికి మస్తు పనిచేస్తయంట. నేనొచ్చేటప్పుడు రెండు డబ్బాలు తెస్త." పెద్దమ్మ డిస్పెన్సరీ అనగానే సర్కారు దవాఖానా అనుకుంది. "దవాఖాన్ల ఇచ్చినయైతె తే బిడ్డా" అంది.

అన్న వెళ్ళింది సరదా కొట్టుకి. అక్కడ ఐడీ చూశారు, "రిలాక్స్ కావాలా, నిద్ర కావాలా" అని అడిగారట. అంతే. నేను ఎంజీఎం దగ్గర మాకు తెలిసిన మెడికల్ షాపులో ఫార్మసిస్టుని ఊరికే అడిగి చూశాను. ఆయన మొదటి ప్రశ్న, "పెద్దమ్మ ఇంకేమేం మందులు వాడుతది?" వార్ఫరిన్ అనగానే చేతిలో పని ఆపేశాడు. గంజాయిలో ఉండే సీబీడీ లాంటి పదార్థాలు కాలేయంలో వార్ఫరిన్ విరిగే పనిని నెమ్మది చేస్తాయి. అంటే వేసుకున్న మాత్ర అదే, ఒంట్లో పనిచేసేది ఎక్కువ. ఐఎన్ఆర్ పెరుగుతుంది, రక్తం మరీ పలచబడుతుంది, ఆ వయసులో జారిపడితే తలలో రక్తస్రావం దాకా పోవచ్చు. నొప్పి తగ్గించబోయి మనిషికే ఎసరు పెట్టినట్టు.

పోనీ పని చేస్తుందా అంటే, అదీ అంత తేలిక జవాబు కాదు. అమెరికా నేషనల్ అకాడమీస్ 2017లో ఇచ్చిన పెద్ద నివేదిక, పెద్దవాళ్ళ దీర్ఘకాలిక నొప్పికీ, కీమోథెరపీ వాంతులకీ గట్టి ఆధారాలున్నాయంది. మరుసటేడు కాక్రేన్ వాళ్ళు ప్రత్యేకంగా నరాల నొప్పి మీద పరిశోధనలన్నీ కలిపి చూసి, మేలు కంటే కీడే ఎక్కువుండొచ్చు అన్నారు. రెండూ నిజమే కావచ్చు. అందుకే ఏ రోగికి, ఎంత, ఎన్నాళ్ళు అని తేల్చే మనిషి కావాలి. పెద్దమ్మని నొప్పి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం, ఆమె వార్ఫరిన్‌తో గొడవపడని మాత్ర రాసింది. మంట పూర్తిగా పోలేదు గానీ, ఇప్పుడు ఒంటిగంట దాకానైనా పడుకుంటోంది.

ఇక మన దేశం సంగతి. 1985 నవంబర్ 14న ఎన్డీపీఎస్ చట్టం అమల్లోకి వచ్చేదాకా సర్కారు లైసెన్సుతో నడిచే గంజాయి కొట్లు మన దేశంలో ఉండేవి. ఆ చట్టంలో గంజాయి అంటే మొక్క పూత, కాయ ఉన్న కొసలు. కొసలు కలవని ఆకూ గింజా అందులోకి రావు. ఆ సందులోంచే భంగు బతికిపోయింది. ఇవ్వాళ్టికీ జైసల్మేర్‌లో సర్కారు అనుమతి ఉన్న భంగు కొట్టు ఉంది, ఉత్తరప్రదేశ్‌లో ఎక్సైజు లైసెన్సుతో అమ్ముతారు. అంటే చూడండి, సరదా డిస్పెన్సరీ మన దేశంలో ఉంది! లేనిది మెడికలే. తమాషాకి, అదే 1985లో అమెరికా ఎఫ్‌డీఏ గంజాయిలోని టీహెచ్‌సీని ల్యాబులో తయారుచేసి, క్యాప్సూల్లో పెట్టి, కీమోథెరపీ రోగుల వాంతులకి మందుగా ఒప్పుకుంది. వాళ్ళు అదే పదార్థాన్ని మందుల షాపు అరలో పెట్టిన సంవత్సరం మనం మొత్తానికే తాళం వేశాం. నిజానికి పూర్తి తాళం కూడా కాదు. వైద్యానికీ పరిశోధనకీ వాడుకోవచ్చని ఎనిమిదో సెక్షనే అంటుంది, సాగుకి అనుమతించే అధికారం పదో సెక్షన్ రాష్ట్రాలకి ఇస్తుంది. తాళం చెవి చట్టంలోనే ఉంది, తీసేవాళ్ళు తక్కువ.

మెడికల్ అసలే లేదా అంటే, ఆయుర్వేదం పేరు మీద ఉంది. శాస్త్రాల్లో దీని పేరు విజయ. ఆయుష్ లైసెన్సుతో విజయ నూనెలు, మాత్రలు కొన్నేళ్ళుగా ఆన్‌లైన్లో అమ్ముతున్నారు. రూల్ ప్రకారం వైద్యుడి పర్యవేక్షణలో వాడాలని డబ్బా మీద రాయాలి. రాస్తారు కూడా. ఎలా ఉంటుందో చూద్దామని ఒక సైట్లో పెద్దమ్మ వివరాలతో ఫారం నింపాను. ఫోన్ చేసిన వైద్యుడు నాలుగు నిమిషాలు మాట్లాడాడు. నొప్పి ఎక్కడ, ఎన్నాళ్ళ నుంచి, నిద్ర పడుతుందా అన్నాడు. ఇంకేం మందులు వాడుతున్నారని అడగలేదు. ఫోన్ పెట్టేలోపే పేమెంట్ లింకు వచ్చింది. (మా కంపెనీ ఓటీపీ కూడా అంత ఫాస్టుగా రాదు.) డెన్వర్ కుర్రాడికీ ఈయనకీ తేడా నాకు కనపడలేదు, పేరు ముందు డాక్టర్ అని ఉండడం తప్ప. ఇక హైదరాబాద్ చుట్టుపక్కల కిరాణా కొట్లలో పట్టుబడ్డ గంజాయి చాక్లెట్ల గురించి చెప్పక్కర్లేదు. కొన్నిటి రేపర్ మీద ఆయుర్వేద ఔషధం అనే ఉంది.

మరి నిజమైన మెడికల్ డిస్పెన్సరీ ఎలా ఉంటుందో చూడాలంటే డెన్వర్ దాకా పోనక్కర్లేదు. మార్ఫిన్ ఇచ్చే ఆస్పత్రికి వెళ్ళండి. అది నల్లమందు నుంచి వస్తుంది, గంజాయి కంటే ప్రమాదకరం, అయినా అల్మారాకి తాళం, రిజిస్టరు, చీటీ, మాత్రల లెక్క, సంతకం పెట్టే డాక్టరు పేరు అన్నీ ఉంటాయి. కానీ ఇక్కడికి చేరడానికి మనకి ముప్పై ఏళ్ళు పట్టింది. 1985 చట్టం తర్వాత మార్ఫిన్‌కి ఒక్కో రాష్ట్రంలో ఒక్కో లైసెన్సు, దానికి ఇంకో అనుమతి, గడువు తీరితే మళ్ళీ మొదటికి. ఆస్పత్రులు ఈ తలనొప్పి మనకెందుకని తెప్పించడమే మానేశాయి. పన్నెండేళ్ళలో దేశంలో వైద్యానికి మార్ఫిన్ వాడకం 90 శాతానికి పైగా పడిపోయింది. ప్రపంచానికి చట్టబద్ధంగా నల్లమందు పండించి ఇచ్చే దేశంలో కేన్సర్ రోగులు అరుస్తూ పోయారు. కేరళలో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ లాంటివాళ్ళు ఏళ్ళ తరబడి వెంటపడితే 2014లో చట్టం సవరించారు. గుర్తింపు ఉన్న వైద్య సంస్థకి ఒకే అనుమతి చాలన్నారు. మన దగ్గర హైదరాబాద్ ఎంఎన్‌జే కేన్సర్ ఆస్పత్రి ఈ పనిలో ముందుంది. అయినా జిల్లాల్లో "మార్ఫిన్ అంటే మత్తే కదా" అనే డాక్టర్లు ఇంకా తగులుతూనే ఉంటారు.

అందుకే "లీగలైజ్ చెయ్యాలి" అని టీ షర్టు వేసుకున్న మిత్రులతో నాకు పేచీ. సరదాకి కావాలంటే సరదాకే అని అడగండి, అందులో తప్పేం లేదు. 1893-94లో బ్రిటిష్ వాళ్ళు వేసిన హెంప్ డ్రగ్స్ కమిషన్ కూడా పూర్తి నిషేధం వద్దు, లైసెన్సు పెట్టి పన్ను వెయ్యండి అనే చెప్పింది. ఆ వాదనకి దాని బలం దానికుంది. కానీ మా పెద్దమ్మ కాళ్ళ మంటని మీ బ్యానర్ మీద పెట్టొద్దు. రోగి పేరు చెప్పి తెరిచిన కొట్టుకి రేపు చెడ్డపేరొస్తే మూసేది రోగి దారినే.

లోపలేయాలి అనేవాళ్ళకి కూడా ఒక మాట. మన వరంగల్, కాజీపేట స్టేషన్లలో పట్టుబడే సంచులు ఎక్కువగా ఆంధ్రా ఒడిశా సరిహద్దు కొండల నుంచి వచ్చేవే. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో ఆంధ్రా పోలీసులు రెండు లక్షల కిలోల గంజాయి ఒకేసారి తగలబెట్టారు. దానికి ఏడాది ముందే, 2020 డిసెంబర్‌లో, ఐక్యరాజ్యసమితిలో గంజాయికి వైద్య ప్రయోజనం ఉందని ఒప్పుకునే తీర్మానం 27-25 ఓట్లతో నెగ్గింది. ఆ 27లో మనదీ ఒకటి. అక్కడ చెయ్యెత్తిన దేశం ఇక్కడ రోగికి ఏర్పాటు చెయ్యాల్సింది కొట్టు కాదు. నికరంగా పరీక్షించిన మందు, మార్ఫిన్ అల్మారా పక్కనే ఇంకో అర, అదే రిజిస్టరు, అదే సంతకం. అంతకు మించి కొత్తగా కనిపెట్టాల్సింది ఏం లేదు.

చివరగా అమెరికాలో ఉండి ఇది చదివేవాళ్ళకి. ఇంత చెప్పిన మెడికల్, రిక్రియేషనల్ తేడా ఇమిగ్రేషన్ ఆఫీసరు ముందు సున్నా. రాష్ట్రం ఒప్పుకున్నా ఫెడరల్ చట్టంలో అది నియంత్రిత పదార్థమే. హెచ్1బీ అయినా గ్రీన్ కార్డయినా, కేసు కాకపోయినా, వాడానని నోటితో ఒప్పుకుంటే చాలు, దేశంలోకి రానివ్వకపోవడానికి కారణం కావచ్చు. రాష్ట్రంలో చట్టబద్ధమైనా సరే, గంజాయి వాడకం గానీ ఆ వ్యాపారంలో ఉద్యోగం గానీ పౌరసత్వానికి కావాల్సిన "మంచి నడత"కి అడ్డొస్తాయని యూఎస్‌సీఐఎస్ 2019 ఏప్రిల్‌లో రాతపూర్వకంగా చెప్పింది. మెడికల్ కార్డుంటే ఇంకా ఇబ్బంది, వాడుతున్నట్టు మీరే కాగితం రాసిచ్చినట్టు. ఇటు శంషాబాద్‌లో దిగితే ఎన్డీపీఎస్ 23వ సెక్షన్, దిగుమతి నేరం. గమ్మీ డబ్బా మీద కొలరాడో స్టాంపు ఉందని చూపిస్తే కస్టమ్స్ వాళ్ళకి పని తేలికవుతుంది, అంతే. మా అన్నకి ఇవన్నీ మెయిల్లో పెట్టాను. "సరే తియ్" అని ఒక్క లైను రిప్లై ఇచ్చి, కింద ఐఎన్ఆర్ మిషను లింకు పంపాడు, ఇంట్లోనే వేలు గుచ్చి చూసుకునేది. అది తెస్తే మాత్రం ఎవరూ అడ్డుకోరు.